ఏడో గది గోడ

భోజనాల గంట మోగగానే మేస్త్రి చేసిన మొదటి పని, తడిగుడ్డ తీసుకుని నల్లరాతి మీదున్న తొమ్మిది అంకెను తుడిచెయ్యడం. చేతులు కూడా కడుక్కోలేదు. మోచేతుల దాకా రాతి బురద తెల్లగా ఎండి ఉంది.

ఆ నల్లరాయి ఏదో వంటగట్టు కోస్తే మిగిలిన ముక్క. షెడ్డులో అందరూ కూర్చుని తినే బల్ల పక్కన గోడకి ఆనించి ఉంటుంది. దాని మీద సుద్దతో నాలుగు గళ్ళు, నాలుగు బొమ్మలు. రంపం, చక్రం, వేలు, ముడి. రంపం అంటే కోత మిషను నడిపేవాడు. మనిషిని కూడా రంపం అనే పిలుస్తారు, మిషను ఆగినా అతని నోరు ఆగదు గనక. చక్రం లారీ డ్రైవరు. ముడి అంటే రాళ్ళకి నురుగు షీటు చుట్టి తాడు కట్టే ప్యాకింగావిడ. వేలు మేస్త్రిది.

నలుగురూ ఎవరిళ్ళల్లో వాళ్ళు టీవీకి తగిలించుకుని ఒకే వీడియో గేమ్ ఆడుతున్నారు. సొరంగం ఆట. గనిలో చిక్కుకుపోయిన ఒక మనిషి, అతని చేతిలో ఒక దీపం, గది తరవాత గది. పైకి రావాలి, అంతే. ఎన్నో గది దాకా వచ్చారో రోజూ రాతి మీద రాసి, అక్కడ ఏం చూశారో, ఎలా అనిపించిందో అన్నం తింటూ చెప్పుకోవాలి. ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళకి రాబోయేది చెప్పకూడదు, వెనకున్నవాళ్ళే నోరు తెరిచి అడిగితే తప్ప. రెండు నెలలుగా ఆ షెడ్డులో రాతిదుమ్ము తరవాత ఎక్కువగా ఉన్నవి ఈ కబుర్లే.

"అదేంటి మేస్త్రిగారూ, నా అంకె తుడిచారు?" అంది ప్యాకింగావిడ. మెడలో తాడుకి వేలాడుతున్న కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చూసింది, తుడిచింది తన గడేనా అని.

"ఆడినవాళ్ళకి అంకె. వీడియోలు చూసినవాళ్ళకి కాదు."

"ఎవరు చూశారు వీడియోలు?"

"ఏడో గదిలో గోడ కొట్టుకుంటుందన్నావా లేదా నిన్న?"

"అన్నాను. మీరు అడిగితేనే అన్నాను."

అడిగిన మాట నిజమే. పద్నాలుగు రోజులుగా మేస్త్రి గడిలో ఏడు అంకె అలాగే ఉంది. ఆ గదిలోకి అడుగు పెట్టగానే దీపం ఆరిపోతుంది. టీవీ మొత్తం నల్లగా అయిపోతుంది. అడుగుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. నిన్న ఇదే బల్ల దగ్గర, ఇక ఉండబట్టలేక, ఎలా దాటావమ్మా అని అడిగాడు. ఆవిడ అన్నం ముద్ద పక్కన పెట్టి చెప్పింది. "అక్కడ కళ్ళతో పనిలేదండీ. గోడకి ఆనుకుని మెల్లగా నడవాలి. ఒకచోట గోడ కొట్టుకుంటుంది. చేతిలో తెలుస్తుంది, గువ్వపిట్టని పట్టుకున్నట్టు. అక్కడ నొక్కితే గోడ తెరుచుకుంటుంది. నాకైతే ఒళ్ళు జలదరించింది. ఇన్ని గదుల్లో ఆ గదే నాకు నచ్చింది."

"రెండు గంటలు తడిమాను నాలుగు గోడలూ" అన్నాడు మేస్త్రి. "కొట్టుకోవడం లేదు, తిట్టుకోవడం లేదు."

"మీ కంట్రోలరు వణుకుతుందా అసలు?" అన్నాడు రంపం.

"పైకప్పు కూలినప్పుడు మణికట్టు దాకా వణుకుతుంది. నా కంట్రోలరు బాగానే ఉంది. బాగాలేనిది ఈవిడ నోరు. ఎవడో ఆడిన వీడియో చూసొచ్చి, ఇక్కడ కూర్చుని ఒళ్ళు జలదరించిందని కథలు. వీడియోలో గోడ ఎలా తెరుచుకుందో అర్థం కాక కొట్టుకుంటుందని అల్లింది. నాకు ఇరవై రెండేళ్ళ చెయ్యి ఇది. రాయి లోపల పగులుంటే పైన వేలు పెట్టి చెబుతాను. నాకు తెలియని గోడ ఈవిడకి తెలిసిందట."

ప్యాకింగావిడ డబ్బా మూత పెట్టేసింది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు" అంది.

డ్రైవరు నమలడం ఆపాడు. రంపం ముఖం పక్కకి తిప్పుకుని నవ్వాడు. మేస్త్రికి ఆ నవ్వు కనిపించకపోయినా వినిపించింది. ఆ షెడ్డులో ఇరవై రెండేళ్ళలో అతనికి ఎదురు మాట్లాడినవాళ్ళు లేరు. ఒళ్ళు మండింది. టీ గ్లాసు గుప్పిటతో ఎత్తి పట్టుకుని ఒక గుక్క తాగాడు. అది అప్పుడే పోసిన టీ. గ్లాసు చివర రెండు వేళ్ళతో పట్టుకుని ఊదుకుంటున్న డ్రైవరు, మేస్త్రి గుప్పిటలో ఉన్న గ్లాసు వంక వింతగా చూశాడు.

మధ్యాహ్నం పని ఎప్పటిలాగే సాగింది. ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. రంపం కోసిన రాయి బల్ల మీదికొస్తుంది. మేస్త్రి చేతి గ్రైండరుతో అంచులు పడతాడు, అంటే సానపట్టి నున్నగా చేస్తాడు, ముందు గరుకు బిళ్ళతో, తరవాత నునుపు బిళ్ళతో, పైనుంచి సన్నగా నీళ్ళు పోస్తూ. గ్రైండరు పట్టుకున్నంతసేపూ భుజాల దాకా చేతులు అదురుతూనే ఉంటాయి. పనైపోయాక గ్రైండరు ఆపి, కళ్ళు మూసుకుని, చూపుడువేలు అంచు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపిస్తాడు. గరుకు తగిలితే మళ్ళీ పడతాడు. తగలకపోతే తల ఊపుతాడు. దాన్ని వేలు పడింది అంటారు. వేలు పడని రాయి గడప దాటదు. కొలిచే పరికరం కొంటానని ఓనరు ఒకసారి అంటే, మేస్త్రి వేలు పైకెత్తి చూపించాడు, అంతే, మళ్ళీ ఆ ఊసు లేదు. వేలు పడ్డాక రాయి ప్యాకింగావిడ దగ్గరికి వెళుతుంది. ఆవిడ తుడిచి, మూలలకి అట్టలు పెట్టి, నురుగు షీటు చుట్టి కడుతుంది.

నాలుగు గంటలకి ఓనరు కారు వెనకే లారీ వచ్చింది. లారీలో ఒకే ఒక్క రాయి. పోయిన వారం వెళ్ళిన వాష్‌బేసిన్ గట్టు.

"ఆ ఇంటి పెద్దావిడ లేస్తూ ఈ అంచు పట్టుకుందట" అన్నాడు ఓనరు. "అరచెయ్యి కోసుకుపోయింది. ఆరు కుట్లు. వాళ్ళబ్బాయి ఫోనులో నన్ను తిట్టిన తిట్లు మీరు వినలేదు, అదృష్టవంతులు. ఇది ఎవరి పని?"

అందరూ పని ఆపి రాయి చుట్టూ చేరారు. రంపం కూడా.

"నా వేలు పడ్డాకే వెళ్ళింది" అన్నాడు మేస్త్రి. "అప్పుడు వెన్నలా ఉంది. ఆ తరవాత ఎవరి చేతిలోకి వెళ్ళిందో వాళ్ళని అడగండి. ట్రాలీకి కొట్టి అంచు లేపేసి, పైన షీటు చుట్టేస్తే నాకేం తెలుస్తుంది?"

"నా చేతికి వచ్చినప్పుడే గరుగ్గా ఉంది" అంది ప్యాకింగావిడ. ఆవిడ గొంతు లేవలేదు గానీ నడుముకి కట్టుకున్న కత్తెర మీద చెయ్యి బిగిసింది. "మీకు చెప్పాను కూడా. నా వేలు పడ్డ రాయికి వంక పెడతావా, షీటు చుట్టు అన్నారు. చుట్టాను."

చెప్పింది. మేస్త్రికి బాగా గుర్తుంది. చెప్పినప్పుడు తాను మళ్ళీ వేలు పెట్టి చూడటం కూడా గుర్తుంది. ఏమీ తగల్లేదు. లేని గరుకు ఉందన్న మనిషి, లేని గోడ కొట్టుకుందన్న మనిషి. అతనికి అనుమానం ఆవగింజంతైనా లేదు.

"చెబుతుందండీ, ఎందుకు చెప్పదు" అన్నాడు ఓనరుతో. "ఆడని ఆట ఆడానని మా నలుగురిలో చెప్పుకునే మనిషి. అన్నం దగ్గరే అబద్ధమాడేది పని దగ్గర ఆడదా?"

ఏ ఆట అని ఓనరు అడిగాడు. రంపం పూసగుచ్చినట్టు చెప్పాడు, గోడ సంగతితో సహా. ఓనరుకి ఆటలు తెలియవు. గోడ కొట్టుకోవడమేమిటో అసలే తెలియదు. కానీ ఇరవై రెండేళ్ళ మేస్త్రి ఒకవైపు, మూడేళ్ళ ప్యాకింగావిడ ఒకవైపు అన్న లెక్క మాత్రం అర్థమైంది.

"శనివారం దాకా చూస్తానమ్మా" అన్నాడు. "తప్పు నాదేనని కాగితం మీద సంతకం పెడితే గోడౌను ఊడ్చే పనికైనా ఉంచుతాను. లేదంటే ఆ రోజుతో ఆఖరు."

మర్నాడు గురువారం ప్యాకింగావిడ బల్ల దగ్గరికి రాలేదు. తన డబ్బా తీసుకెళ్ళి ట్రాలీ మీద, వాళ్ళకి వీపు పెట్టి కూర్చుని తింది. బల్ల దగ్గర ముగ్గురే మిగిలారు. రంపమే మొదలుపెట్టాడు, అలవాటు ప్రాణం కదా.

"నా అయిదో గది చెప్పనా? మొత్తం నీళ్ళు. తప్పు మీట లాగినప్పుడల్లా జానెడు పెరుగుతాయి. నిన్న గడ్డం దాకా వచ్చాయి. నిజం చెబుతున్నా, ఇంట్లో కూర్చుని నేనే ఊపిరి బిగబట్టా. మా ఆవిడ వచ్చి, ఏంటి అలా ఉబ్బిపోతున్నావు, ఏమైనా తిన్నావా అంది."

డ్రైవరు మొహమాటానికి నవ్వాడు. "నాది ఇంకా నాలుగే" అన్నాడు. "ఆ గదిలో ఒకడు కూర్చుని ఉంటాడు కదా, మాట్లాడకుండా. వాడిని వదిలి తలుపు తీసుకోవచ్చు. ఎందుకో వదలబుద్ధి కాలేదు. మూడు రోజులుగా వాడి దగ్గరే ఉన్నా. పిచ్చనుకో." ఇంకా ఏదో చెప్పబోయి ట్రాలీ వైపు చూసి మానేశాడు. ఇలాంటి మాట అంటే, రెండు ప్రశ్నలడిగి ఆసక్తిగా వినేది ఆవిడే. రంపానికి వినడం చేతకాదు, మేస్త్రికి వెనకున్నవాళ్ళ కబుర్లు చిన్నతనం.

"నిజంగా ఆడి ఉంటే రమ్మనండి" అన్నాడు మేస్త్రి, ట్రాలీకి వినపడేలా. "మా ఇంటికొచ్చి, నా టీవీలో, నా ఎదురుగా ఆ గది దాటి చూపించమనండి."

"దొంగని ఎవరైనా ఇంటికి పిలుచుకుంటారా మేస్త్రిగారూ" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

"దొంగవని నీ నోటితో నువ్వే అంటున్నావు."

"మీరన్నదే అప్పగిస్తున్నా. నాది కాని మాట నా దగ్గర ఉంచుకోను."

సాయంత్రం తెల్లరాయి ఒకటి బల్ల మీదికొచ్చింది. మెట్ల రాయి. మేస్త్రి అంచులు పట్టి, గ్రైండరు ఆపి, కళ్ళు మూసుకుని వేలు నడిపించాడు. తల ఊపాడు. ప్యాకింగావిడ గుడ్డ తీసుకుని వచ్చి ఆగిపోయింది. తెల్ల అంచు పొడుగునా సన్నగా ఎర్రటి గీత.

"మీ వేలు తెగింది" అంది.

"తెగితే నాకు తెలీదా?"

ఆవిడ రాయి వైపు చూపించింది. అతను వేలు తిప్పి చూసుకున్నాడు. చూపుడువేలి కొస చీలి, నెత్తురు మణికట్టు దాకా కారింది. ఒక్క క్షణం అది ఎవరి వేలో అన్నట్టు చూశాడు. తరవాత నోట్లో పెట్టుకుని, "రాతి పనివాడి చర్మం మందం. నీలాగా అట్టలు కత్తిరించే చెయ్యి కాదు" అన్నాడు. ఆవిడ నెత్తురు తుడిచింది. తుడిచేటప్పుడు అంచు మీద ఒకచోట ఆవిడ చెయ్యి ఆగింది. ఏదో అనబోయింది. అనలేదు. మొన్న అన్నందుకే కదా శనివారం దాకా వచ్చింది. షీటు చుట్టి తాడు బిగించింది.

శుక్రవారం సాయంత్రం మేస్త్రి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని ఆట ముందు కూర్చున్నాడు. ఈ రోజు ఎలాగైనా ఆ గది దాటాలి. వేరే దారి కనిపెట్టి దాటి, రేపు ఓనరు ఎదురుగా నిలబడి, చూశారా, గోడ కొట్టుకోవడం అంతా కట్టుకథ అని చెప్పాలి. ఆ మాట ఎలా అనాలో దారి పొడుగునా తయారు చేసుకుంటూ వచ్చాడు.

అతని భార్య పక్కనే కుర్చీలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. "పదహారు రోజుల నుంచి ఆ చీకట్లోనే తిరుగుతున్నారు" అంది. "ఆ మహానుభావుడికి ఎవరైనా ఒక అగ్గిపెట్టె ఇవ్వకూడదా?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలీదు సరే. మీకు మాత్రం ఏం తెలిసింది?"

అతను గోడకి ఆనించి మనిషిని నడిపించాడు. మొదటి గోడ, రెండో గోడ, మూలలు. మూడో గోడ సగం దాకా వచ్చేసరికి విసుగు తారస్థాయికి చేరి, కంట్రోలరును మడతపెట్టిన బట్టల మీదికి విసిరేశాడు. "తప్పుడు మనిషి. రేపు పీడ వదులుతుంది" అన్నాడు.

"మడతలు చెడిపోతాయండీ" అంటూ భార్య దాన్ని పక్కన పెట్టడానికి చేతిలోకి తీసుకుంది. తీసుకుని, పెట్టకుండా ఆగింది. "ఇదేంటి, కొట్టుకుంటోంది?"

"ఏది?"

"ఇదే. జ్వరం వచ్చిన పిల్లల మణికట్టు పట్టుకుంటే కొట్టుకోదూ, అలాగ."

అతను లాక్కున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏమీ లేదు. ఉత్త ప్లాస్టిక్కు. భార్యకి ఇచ్చాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడూ కొట్టుకుంటోంది."

మళ్ళీ తీసుకున్నాడు. ఏమీ లేదు. మీట తిప్పి మనిషిని గోడ నుంచి దూరంగా నడిపించి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు ఆగింది" అంది.

మళ్ళీ అదే చోటికి నడిపించాడు. "ఇప్పుడు మొదలైంది. ఏంటండీ ఇది, నన్ను ఆట పట్టిస్తున్నారా?"

అతను కంట్రోలరును చెంపకి ఆనించుకున్నాడు.

కొట్టుకుంటోంది. మెల్లగా, తేలిగ్గా, ఆగి ఆగి. గువ్వపిట్ట అన్న మాట సరిగ్గా సరిపోయింది. చెంప మీద నుంచి తీసి వేళ్ళకి తెచ్చాడు. పోయింది. చెంపకి. ఉంది. వేళ్ళకి. లేదు. చూపుడువేలి కట్టు విప్పి, ఒక్కొక్క వేలు విడిగా పెట్టి చూశాడు. పదీ అంతే. టీవీలో ఆ చీకట్లో ఎక్కడో గోడకి ఆనుకుని ఆ గని మనిషి అతని కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాడు.

భయం వేసింది. అతనికి భయం వెయ్యడం చాలా ఏళ్ళ తరవాత.

"నీకు తెలుసా?" అన్నాడు.

భార్య చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తిచేసి కింద పెట్టింది. "గుండీలు ఇరుకయ్యాయని ఏడాదిగా నాతో పెట్టించుకుంటున్నారు. అవే చొక్కాలు, అవే గుండీలు. పొద్దున్న చల్లనీళ్ళు తగిలితే వేళ్ళు సుద్దముక్కల్లా పాలిపోతాయి. రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళదామన్నాను. రెండుసార్లూ నా మీద అరిచారు. మూడోసారి అనలేదు."

"ఎవరితోనూ అనకు."

"నేనెవరితో అంటాను? అనాల్సింది మీరు." ఆవిడే కంట్రోలరు తీసుకుని మీట నొక్కింది, ఏదో నొక్కి చూద్దామన్నట్టు. టీవీలో గోడ తెరుచుకుంది. అవతల సన్నటి వెలుతురు. "ఓ, వచ్చేసింది" అంది, పెద్ద విశేషమేమీ కానట్టు. లేచి బట్టలు లోపల పెట్టడానికి వెళ్ళిపోయింది.

శనివారం మేస్త్రి అందరికంటే ముందు షెడ్డుకి చేరాడు. వెనక్కి వచ్చిన వాష్‌బేసిన్ గట్టు ఒక మూల నిలబెట్టి ఉంది. కట్టు జరిపి అంచు మీద వేలు నడిపించాడు. వెన్నలా ఉంది. ఫస్ట్‌ఎయిడ్ డబ్బా తెరిచి పిడికెడు దూది తీసి, అదే అంచు మీద లాగాడు. దూది జారలేదు. అడుగడుక్కీ పట్టుకుని, పీలికలు పీలికలుగా అంచు పొడుగునా మిగిలింది. ఆ రోజు లారీ ఎక్కాల్సిన రాళ్ళు పది ఉన్నాయి. పదింటి మీదా అతని వేలు పడింది. షీట్లు విప్పి పదింటి మీదా దూది లాగాడు. ఏడు రాళ్ళ అంచులకి దూది అంటుకుని మిగిలింది. నెత్తురు గీత పడ్డ మెట్ల రాయి అందులో ఒకటి. ఎవరో పసిపిల్లలు దాని మీద చేతులు పెట్టి పాకబోతారు.

బయట రంపం గొంతు వినిపించింది. మేస్త్రి గబగబా దూది అంతా తుడిచి జేబులో కుక్కుకున్నాడు. షీట్లు మళ్ళీ చుట్టేశాడు. ఎందుకు అలా చేశాడో అప్పుడు అతన్ని అడిగినా చెప్పలేడు. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డులో అతను మనిషి కాదు, ఒక వేలు. ఆ వేలు పోతే మిగిలేదేమిటో అతనికి తెలియదు. ఆవిడకైతే గోడౌను ఉంది, ఊడ్చుకుంటుంది అని మనసుకి సర్ది చెప్పుకున్నాడు. మనసు సర్దుకోలేదు. పని మొదలైంది. దొంగకి తేలు కుట్టినట్టు, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఒకే ఒక్క రాయి అంచులు పడుతూ కూర్చున్నాడు.

భోజనాల గంటకి ఓనరు వచ్చాడు. బల్ల మీద డబ్బాలు పక్కకి జరిపి కాగితం పెట్టాడు. కాగితం మీద పెన్ను పెట్టాడు.

"ఏమ్మా?"

ప్యాకింగావిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివింది. చదివి, దాని మీద పెన్ను తిరిగి పెట్టేసింది. "ఆ పెద్దావిడ చెయ్యి నా వల్ల తెగలేదు. సంతకం పెట్టను. గోడౌను ఊడవను" అంది. నడుముకున్న కత్తెర విప్పి బల్ల మీద పెట్టింది. "వెళ్ళిపోతాను. కానీ ఒక పని ఉంది."

నల్లరాతి దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, ముడి బొమ్మ పక్కన తొమ్మిది వేసింది. సుద్ద గట్టిగా నొక్కి మళ్ళీ దాని మీదే ఇంకోసారి వేసింది. "ఇది నేను ఆడింది" అంది. "ఉద్యోగం మీది, తీసుకోండి. ఇది నాది."

రంపం తల దించుకున్నాడు. డ్రైవరు ఏదో ఒకటి చెయ్యాలి గనక, బల్ల మీద సిద్ధంగా ఉన్న రాయి వైపు చూసి, "మేస్త్రిగారూ, దీని మీద వేలు పడితే ఎక్కించేస్తాను" అన్నాడు.

మేస్త్రి రాయి దగ్గరికి వచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు. చూపుడువేలు అంచు మీదికి తెచ్చి, ఆనించకుండా అలాగే పట్టుకున్నాడు. ఆ వేలికి కట్టు ఉంది.

"నేను ఏడో గది దాటాను" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

"ఇప్పుడా చెప్పేది" అన్నాడు ఓనరు.

"ఎలా దాటారు?" అన్నాడు రంపం, ఆపుకోలేక. "ఎనిమిది వెయ్యనా?"

"వెయ్యకు. మా ఆవిడ దాటింది. ఆవిడ ఎప్పుడూ ఆ కంట్రోలరు పట్టుకోలేదు. పట్టుకోగానే గోడ కొట్టుకుంటోందంది. నేను పట్టుకుంటే ఏమీ లేదు. చెంపకి పెట్టుకుంటే ఉంది. చేతికి లేదు." కళ్ళు తెరిచి, జేబులోంచి దూది తీసి బల్ల మీద కాగితం పైన పెట్టాడు. రాతి పొడి అంటుకుని నల్లబడిన పీలికలు. "పొద్దున్న లాగి చూశాను. లారీ ఎక్కేవాటిలో ఏడు గరుగ్గా ఉన్నాయి. పోయిన నెల వెళ్ళినవి ఎన్నో నాకు తెలీదు."

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు ఓనరు. గొంతులో కోపం కంటే బెదురు ఎక్కువగా ఉంది.

"తెలిస్తే ఇంతదాకా రాదు కదండీ."

ప్యాకింగావిడ సుద్దముక్క చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఆవిడ ముఖంలో జాలి ఏమీ లేదు. "నాలుగు రోజులు" అంది. "నాలుగు రోజులు నన్ను దొంగని చేసి కూర్చోబెట్టారు. పొద్దున్న తెలిసింది కదా, ఇప్పటిదాకా ఆగారు. నేను కత్తెర బల్ల మీద పెట్టేదాకా ఆగారు."

"ఆగాను" అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఇంకా ఏదో అంటుందని చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ కత్తెర తీసుకోలేదు, గడప వైపూ నడవలేదు.

మేస్త్రి పక్కకి తప్పుకున్నాడు. "ఈ రాయి మీద ఆవిడ వేలు పడనివ్వండి" అన్నాడు. ఓనరుతోనో, డ్రైవరుతోనో, ఎవరితో అన్నాడో తెలియలేదు. అందరూ ఆవిడ వైపు చూశారు.

ఆవిడ బల్ల మీదున్న తన కత్తెర వైపు ఒకసారి చూసింది. తరవాత వచ్చింది. కళ్ళు మూసుకోలేదు. ఎడమచేతి చూపుడువేలు అంచు మీద ఆ చివర పెట్టి నడిపించింది. రెండడుగులు వెళ్ళాక ఆగి, కుడిచేతిలో ఉన్న సుద్దతో అక్కడొక గీత గీసింది. అక్కడి నుంచి వేలు కదిలిస్తూ, సుద్ద ఎత్తకుండా గీసుకుంటూ పోయింది. గీత రాయి చివరి దాకా వెళ్ళింది.

"ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అంది. "మళ్ళీ పట్టండి."

పొద్దుటి నుంచి అతను పట్టింది ఆ ఒక్క రాయే. ఇరవై రెండేళ్ళలో ఏ రాయీ పట్టనంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పట్టాడు.

"ఎక్కడ?" అన్నాడు.

"ఇక్కడ."

అతను కట్టు విప్పి, ఆవిడ వేలు పక్కనే తన వేలు పెట్టాడు. నొక్కాడు. ఇంకా నొక్కాడు. ఆవిడ చేతిని చూశాడు, తన చేతిని చూశాడు, రెండూ ఒకే అంచు మీద ఉన్నాయి.

"నాకు తెలియడం లేదు" అన్నాడు.

రంపం ముందుకొచ్చి, మేస్త్రి చేతి పక్కనున్న గ్రైండరు తీసుకున్నాడు. నీళ్ళ గొట్టం తిప్పడానికి ఎవరూ కదలకపోతే, మేస్త్రే వెళ్ళి తిప్పాడు.